రెండు కంప్యూటర్లు, ఒకే మెయిల్ పెట్టె: స్పామ్ వడపోత, సెట్టింగుల ఫైళ్లు కట్టుకునే పద్ధతి

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనంత వరకు సంగతి ఇది. హన్మకొండలో రీసెర్చ్ చేస్తున్నావు. ల్యాబ్‌లో డెబియన్ డెస్క్‌టాప్ ఉంది, రూమ్‌లో ఉబుంటు లాప్‌టాప్ ఉంది. కాలేజీ ఇచ్చిన ఐమ్యాప్ మెయిల్ (ఉత్తరాలు సర్వర్ మీదే ఉంచి చదివే పద్ధతి) ఒకటి, జీమెయిల్ ఒకటి. దొంగ జర్నళ్ల ఆహ్వానాలు, లోన్ ఆఫర్లు రోజూ కుప్పలుగా పడుతుంటే, సర్వర్ నుంచి ఫెచ్‌మెయిల్‌తో దింపి, నియమాలను బట్టి మెయిళ్లను వేరుచేసే ప్రాక్‌మెయిల్‌కు ఇస్తూ, దాని నియమాల ఫైల్లో ఒక్కో పదం చేర్చుకుంటూ పోయావు. ఇప్పుడది 140 లైన్లు. ల్యాబ్‌లో ఉన్న కాపీకి, లాప్‌టాప్‌లో ఉన్న కాపీకి పొంతన లేదు. పోయిన నెల ఫెలోషిప్ కాగితాల గురించి వచ్చిన మెయిల్‌ను ఆ ఫైలే మింగేసింది. గడువు దాటినాక గానీ నీకు తెలియలేదు. ఇంకా మంచి పదాల జాబితా ఎక్కడ దొరుకుతుంది, రెండు చోట్లా ఒకే ఫైలు ఎలా ఉంచాలి, పాస్‌వర్డ్ ఎక్కడ పెట్టాలి అని అడిగావు.

పదాల జాబితా సంగతి తర్వాత. ఈ రాత్రే ఒక పని చెయ్. ఆ ఫైల్లో డెవ్ నల్ (/dev/null, అందులో పడింది ఏదైనా మాయమయ్యే చోటు) అని ఎక్కడెక్కడ ఉందో వెతికి, ప్రతిచోటా దాన్ని తీసేసి ఒక ఫోల్డర్ పేరు పెట్టు. డెవ్ నల్‌లోకి పోయిన ఉత్తరం మళ్లీ రాదు. ఫెచ్‌మెయిల్ సెట్టింగులు కూడా చూసుకో. కీప్ అని రాయకపోతే అది మెయిల్ దింపుకున్నాక సర్వర్ మీది ప్రతిని తుడిచేస్తుంది. నీ ఫెలోషిప్ మెయిల్ సర్వర్‌లో కూడా కనపడకపోవడానికి కారణం ఇదే అయ్యుండాలి. ఒకవైపు సర్వర్ ప్రతి పోయింది, ఇంకోవైపు ఇక్కడి ప్రతి డెవ్ నల్‌కు పోయింది.

ఈ విషయం ఇంత గట్టిగా చెప్పడానికి కారణముంది. ఇరవై ఏళ్ల కిందటి మాట. మా వీధిలో ఒకాయన తమ్ముడు గల్ఫ్‌కు పోవాలి. అది జగిత్యాల, సిరిసిల్ల వైపు నుంచి, మా దగ్గర నుంచి కూడా ఇంటికొకరు పోతున్న కాలం. వాళ్లింట్లో ఎవరికీ మెయిల్ లేదు కాబట్టి అక్కడి కంపెనీకి నా అడ్రసే ఇచ్చారు. వీసా కాగితం స్కాన్ నా పెట్టెకు వచ్చింది. నా ప్రాక్‌మెయిల్ ఫైల్లో సబ్జెక్టులో వీసా అన్న మాట ఉంటే డెవ్ నల్ అని ఒక రెసిపీ (ప్రాక్‌మెయిల్‌లో నియమానికి ఆ పేరు) ఉంది. వీసా లాటరీ, క్రెడిట్ కార్డు మోసాలు విపరీతంగా వస్తున్నాయని ఒకరోజు కోపంలో నేనే రాశాను. ఆ పిల్లవాడు తొమ్మిది రోజులు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి మా గడప దగ్గరికి వచ్చి "అన్నా, వచ్చిందా" అని అడిగిపోయాడు. రాలేదనే చెప్పాను. చివరికి ఫోన్ చేసి కనుక్కుంటే మొదటి రోజే పంపామన్నారు. లాగ్ ఫైలు తెరిచి చూస్తే ఆ మెయిల్ ఏ గంటకు వచ్చిందో, ఏ రెసిపీ దాన్ని పారేసిందో స్పష్టంగా ఉంది. వాళ్లు మళ్లీ పంపారు, పని జరిగింది. ఆ అబ్బాయి మొహం మాత్రం నాకు ఇప్పటికీ గుర్తే. ఆ రోజు నుంచి నేను కట్టిన ఏ వడపోతలోనూ యంత్రానికి పారేసే అధికారం ఇవ్వలేదు.

మన వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డుకు మిర్చి తెచ్చే రైతును చూడు. కల్లంలోనే కూర్చుని కాయలు ఏరతారు. ఎర్రగా నిగనిగలాడేది ఒక రాశి, తెల్లమచ్చ పడ్డ తాలు ఇంకో రాశి. తాలు కాయను రోడ్డు మీద పారబోయరు. వేరే బస్తాలో కట్టి తెస్తారు, దానికీ తక్కువో ఎక్కువో ఒక ధర పలుకుతుంది. ఏరేటప్పుడు మంచి కాయ ఒకటి పొరపాటున తాలులో పడితే, ఆ బస్తా విప్పి చూస్తే దొరుకుతుంది. నీ మెయిల్‌కు కూడా తాలు బస్తా ఒకటి ఉండాలి. వడపోత తప్పు చేస్తుంది అన్న లెక్కతోనే మొత్తం కట్టాలి. తప్పు జరిగినప్పుడు మెయిల్ ఎక్కడ దొరుకుతుంది, ఎన్ని రోజుల్లో నీ కంట పడుతుంది అన్నది ముందు తేల్చుకుని, తర్వాత సాఫ్ట్‌వేర్ ఎంచుకో.

ఇక పదాల జాబితా. అది ఎంత పెంచినా నీకు పనికిరాదు. నీకు వచ్చే చెత్తలో ఉండే మాటలేవి? ఇన్విటేషన్, మాన్యుస్క్రిప్ట్, ఎడిటర్, కాన్ఫరెన్స్, పబ్లికేషన్ ఫీజు. నీ గైడ్ రాసే ఉత్తరంలో ఉండే మాటలేవి? మొదటి నాలుగూ అవే. ఒక్క మాటను పట్టుకుని మంచి చెడు తేల్చే నియమం రీసెర్చ్ స్కాలర్ పెట్టె దగ్గర నిలబడదు.

తెలుగు మెయిళ్ల దగ్గర ఇంకో చిక్కుంది. ప్రాక్‌మెయిల్ మెయిల్‌ను వచ్చింది వచ్చినట్టే చూస్తుంది, విప్పి చూడదు. తెలుగు సబ్జెక్టు తీగ మీద తెలుగుగా రాదు. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు. వరంగల్ అన్న మాటలో వ, ర, సున్న, గ, ల, పొల్లు కలిపి 6 గుర్తులు, అంటే 18 బైట్లు. మెయిల్ పంపే ప్రోగ్రాం వీటిని సాధారణంగా బేస్64లోకి, అంటే ఇంగ్లిష్ అక్షరాలు, అంకెల రూపంలోకి మారుస్తుంది. ప్రతి 3 బైట్లకు 4 ఇంగ్లిష్ అక్షరాల చొప్పున 24 అక్షరాల గజిబిజి వస్తుంది. సరే, ఆ గజిబిజినే వెతుకుదాం అనుకుంటావు. నేనూ అలాగే అనుకున్నాను. కానీ ఆ మాటకు ముందు ఒక స్పేస్ వచ్చిందనుకో. స్పేస్ ఒక్క బైటే కాబట్టి మూడేసి బైట్ల విభజన పక్కకు జరిగిపోయి ఆ 24 అక్షరాల రూపమే మారిపోతుంది. ఒకే మాట, ముందున్న దాన్ని బట్టి మూడు రకాలుగా కనపడవచ్చు. కాబట్టి తెలుగు పదాలను ప్రాక్‌మెయిల్ రెసిపీలో పెట్టి లాభం లేదు. అంతకన్నా ముఖ్యమైనది, ఎక్కడినుంచో కాపీ చేసుకున్న పాత రెసిపీల్లో "ఇంగ్లిష్ కాని అక్షరాలుంటే చెత్త" అనే అర్థం వచ్చేవి ఉంటాయి. ఇంగ్లిష్ తప్ప వేరే భాషలో ఉత్తరాలు రాని వాళ్లు తమ కోసం రాసుకున్నవి అవి. నీ 140 లైన్లలో అలాంటిది ఒక్కటున్నా మీ అమ్మానాన్నలు తెలుగులో రాసిన ఉత్తరం పోతుంది. ముందు దాన్ని వెతికి తీసెయ్.

మరి ఏం వాడాలి? గణాంకాల మీద నడిచే వడపోత. స్పామ్‌ను పదాల సంభావ్యతతో పట్టవచ్చని 1998లోనే పరిశోధన పత్రాలు వచ్చాయి. 2002 ఆగస్టులో ప్రోగ్రామర్ పాల్ గ్రాహం దీని గురించి రాసిన వ్యాసంతో అది మామూలు ప్రోగ్రామర్ల చేతికి వచ్చింది. అదే ఏడాది ఎరిక్ రేమండ్ బోగోఫిల్టర్ అనే వడపోత ప్రోగ్రాం రాయడం మొదలుపెట్టాడు. తర్వాత గ్యారీ రాబిన్సన్ సూచించిన లెక్కల పద్ధతిని అందులో చేర్చారు. నీకు నేను చెప్పేది ఈ బోగోఫిల్టరే. సీ భాషలో రాసింది, చిన్నది, వేగంగా నడుస్తుంది, డెబియన్‌లోనూ ఉబుంటులోనూ ప్యాకేజీగా దొరుకుతుంది. బేస్64ను తానే విప్పి చదువుతుంది కాబట్టి తెలుగు చిక్కు కూడా తీరుతుంది. స్పామ్‌అసాసిన్ కూడా మంచిదే, కానీ పెద్దది. ఒక ఊరికంతా సర్వర్ నడిపే వాళ్లకు సరిపోతుంది. దాని నేర్చుకునే భాగం కూడా 200 చెత్త మెయిళ్లు, 200 మంచి మెయిళ్లు చూపించేదాకా మాట్లాడదు.

బోగోఫిల్టర్ పని చేసే తీరు మనిషి అలవాటు పడే తీరులాగే ఉంటుంది. నువ్వు కొన్ని మెయిళ్లు చూపించి ఇవి చెత్త అంటావు, కొన్ని చూపించి ఇవి మంచివి అంటావు. ప్రతి మాట ఏ వైపు ఎన్నిసార్లు వచ్చిందో అది లెక్క రాసుకుంటుంది. సబ్జెక్టులో వచ్చిన మాటను, ఉత్తరం లోపల వచ్చిన మాటను వేరువేరుగా రాసుకుంటుంది. కొత్త మెయిల్ వచ్చినప్పుడు అందులోని మాటలన్నిటి సాక్ష్యం కలిపి 0కి 1కి మధ్య ఒక అంకె ఇస్తుంది. అటూ ఇటూ సమానంగా వచ్చే మాటలను పక్కన పెడుతుంది. కాన్ఫరెన్స్ అన్న మాట నీ దగ్గర అటూ ఇటూ ఉంటుంది కాబట్టి దాని బరువు తానే తగ్గిపోతుంది. కానీ నీ గైడ్ సంతకంలోని డిపార్ట్‌మెంట్ పేరు, మీ పరికరం పేరు, కాకతీయ అన్న మాట నీ మంచి ఉత్తరాల్లో మాత్రమే ఉంటాయి. అవే నిన్ను కాపాడతాయి. పక్క వీధిలో ధాన్యం వ్యాపారి పెట్టెలో ఇన్వాయిస్ అన్న మాట బంగారం, నీ పెట్టెలో అది మోసగాడి మాట. అందుకే ఇంకొకరి జాబితా నీకు పనికిరాదు, నీది ఇంకొకరికి పనికిరాదు.

దాని తీర్పు మూడు రకాలు. మామూలు సెట్టింగుల్లో 0.99 లేదా ఆపైన వస్తే చెత్త, 0.45 లేదా ఆ లోపు వస్తే మంచిది, మధ్యలో ఉంటే అనుమానం. ఈ మూడోదే నాకు అన్నిటికన్నా ఇష్టం. తెలియనప్పుడు తెలియదని చెప్పే ప్రోగ్రాం దొరకడం అదృష్టం. స్క్రిప్టుకు ఈ తీర్పు ఎగ్జిట్ కోడ్‌గా, అంటే ప్రోగ్రాం ముగిసేటప్పుడు ఇచ్చే అంకెగా అందుతుంది. 0 అంటే చెత్త, 1 అంటే మంచిది, 2 అంటే అనుమానం, 3 అంటే ప్రోగ్రాం సరిగా నడవలేదు. ఇక్కడ జాగ్రత్త. యూనిక్స్‌లో 0 అంటే అంతా సవ్యం అని చెయ్యి అలవాటు పడి ఉంటుంది, ఇక్కడ 0 అంటే చెత్త. నీ స్క్రిప్టులో నాలుగింటినీ పేరుపేరునా రాయి. "1 కాకపోతే చెత్త" అని మాత్రం రాయొద్దు. అలా రాస్తే డిస్క్ నిండి బోగోఫిల్టర్ 3 ఇచ్చిన రోజున నీ మెయిళ్లన్నీ చెత్తలోకి పోతాయి. 3 వచ్చినా, 3 దాటి ఏది వచ్చినా మెయిల్ ఇన్‌బాక్స్‌లోనే ఉండాలి.

వడపోత ఎక్కడ నడవాలి? నీ అసలు సమస్య ఇక్కడే ఉందనుకుంటున్నాను. రెండు యంత్రాలూ ఒకే పెట్టె నుంచి వేరువేరుగా దింపుకుని వేరువేరుగా వడపోస్తున్నాయి. ల్యాబ్‌లో మంచిదన్నది రూమ్‌లో చెత్త అవుతోంది, ఫోన్‌లో రెండూ కనపడుతున్నాయి. ఒక పెట్టెకు ఒకే చోట వడపోత ఉండాలి. దాని ఫలితం సర్వర్ మీది ఫోల్డర్లలోనే కనపడాలి. అప్పుడు డెస్క్‌టాప్, లాప్‌టాప్, ఫోన్ అన్నిట్లో ఒకటే బొమ్మ కనపడుతుంది.

ముందు మీ కాలేజీ మెయిల్ సర్వర్‌లో సీవ్ (సర్వర్ మీదే నడిచే వడపోత నియమాల భాష) ఉందేమో కనుక్కో. చాలా చోట్ల వెబ్‌మెయిల్ సెట్టింగుల్లో ఫిల్టర్లు అని కనపడుతుంది. మేనేజ్‌సీవ్ అనే సేవ ఉంటే 4190 పోర్టు మీద పలుకుతుంది. సీవ్ భాషకు ప్రమాణం 2001లో వచ్చింది, 2008లో దాన్ని తిరగరాశారు. అందులో లూపులు లేవు, బయటి ప్రోగ్రాం నడపడం లేదు. కావాలనే అలా కట్టారు. ఇంకో మంచి గుణం, స్క్రిప్టు నడుస్తుండగా తప్పు జరిగితే మెయిల్ ఇన్‌బాక్స్‌లోనే పడుతుంది. చిరునామా, లిస్ట్ పేరు చూసి ఫోల్డర్లలో పెట్టే పని సీవ్‌కు అప్పగించు, నీ రెండు యంత్రాలూ ఆఫ్‌లో ఉన్నా ఆ పని జరిగిపోతుంది. బోగోఫిల్టర్‌ను పిలవడం మాత్రం మామూలు సీవ్‌తో కుదరదు.

ఆ పనికి ఐమ్యాప్‌ఫిల్టర్ వాడు. ఇది మెయిల్ మొత్తాన్ని దింపి పెట్టుకోదు. సర్వర్‌కు కనెక్ట్ అయ్యి, కొత్త మెయిల్ తీసుకుని, దాన్ని నువ్వు చెప్పిన ప్రోగ్రాంకు అందించి (పైప్ చేసి), వచ్చిన ఎగ్జిట్ కోడ్ చూసి, మెయిల్‌ను సర్వర్ మీదే ఇంకో ఫోల్డర్‌కు మారుస్తుంది. దాని సెట్టింగుల ఫైలు లువా భాషలో ఉంటుంది. భయపడకు, నీకు కావలసింది ముప్పై లైన్లు దాటదు. ఎంబీసింక్ అనే ప్రోగ్రాంతో మెయిల్‌డిర్‌లోకి (మెయిల్‌కు ఒక ఫైలు చొప్పున ఉండే డైరెక్టరీలోకి) దింపి అక్కడ ఫైళ్లు జరపడం ఇంకో దారి. నేను చాలాకాలం అలాగే నడిపాను. కానీ ఎంబీసింక్ ఫైలు పేరు లోపల సర్వర్ ఇచ్చిన నంబర్ దాచుకుంటుంది. ఫైలును ఇంకో ఫోల్డర్‌కు జరిపేటప్పుడు ఆ ముక్క తీసేసి పేరు మార్చకపోతే సింక్ గొడవ పడుతుంది. కొత్తగా మొదలుపెట్టే నీకు ఆ టెన్షన్ ఎందుకు?

ప్రాక్‌మెయిల్ మానెయ్యమంటారా అని కూడా అడిగావు. మానెయ్. అది తొంభైల నాటి మంచి పనిముట్టు, నాకు అన్నం పెట్టింది. కానీ 2001లో 3.22 వచ్చాక ఇరవై ఏళ్లు దానిలో కొత్త వెర్షన్ లేదు, 2022లో గానీ 3.24 రాలేదు. బయటివాళ్లు పంపే ప్రతి బైటును చదివే ప్రోగ్రాంకు అంత నిద్ర పనికిరాదు.

సర్వర్ మీద నాలుగు ఫోల్డర్లు చెయ్: చెత్త, అనుమానం, నేర్పు-చెత్త, నేర్పు-మంచి. పేర్లు తెలుగులో పెట్టుకున్నా ఐమ్యాప్ తీసుకుంటుంది. కానీ పాత ఐమ్యాప్ ఫోల్డర్ పేర్లను వేరే కోడింగ్‌లోకి మారుస్తుంది, స్క్రిప్టులో తేడా కొడితే వెతుక్కోవడం కష్టం. అందుకని సర్వర్ మీద ఇంగ్లిష్ అక్షరాలతోనే పెట్టు. అయిదు నిమిషాలకోసారి వడపోత నడుస్తుంది. చెత్త అన్నది చెత్తకు, అనుమానం అన్నది అనుమానానికి పోతుంది, మిగతావి కదలవు. నీ పని ఒక్కటే. ఇన్‌బాక్స్‌లో చెత్త కనపడితే ఫోన్‌లోంచైనా సరే నేర్పు-చెత్త లోకి జరుపు. చెత్తలోనో అనుమానంలోనో మంచిది కనపడితే నేర్పు-మంచి లోకి జరుపు. రాత్రి ఒంటిగంటకు ఇంకో చిన్న స్క్రిప్టు ఆ రెండు ఫోల్డర్లలోని మెయిళ్లను బోగోఫిల్టర్‌కు నేర్పుతుంది. చిన్న ఎస్ ఆప్షన్ చెత్త అని, చిన్న ఎన్ ఆప్షన్ మంచిదని. నేర్పినాక వాటిని చెత్తలోకి, ఇన్‌బాక్స్‌లోకి తరలిస్తుంది. బస్సులో కూర్చుని వేలితో జరిపిన మెయిల్ నీ వడపోతకు పాఠం అవుతుంది. ఈ సౌకర్యం కోసమే ఇదంతా.

చాలామంది చిన్న యు ఆప్షన్ పెట్టి, బోగోఫిల్టర్ తాను ఇచ్చిన తీర్పును తానే నేర్చుకునేలా వదిలేస్తారు. మొదట్లో అది వద్దు. తప్పు తీర్పును కూడా నేర్చేసుకుంటుంది, దాన్ని వెనక్కి తీయాలంటే పెద్ద ఎన్, చిన్న ఎస్ కలిపి ఇచ్చి మంచి వైపు కొట్టేసి చెత్త వైపు రాయించాలి. నువ్వు రెండు రోజులు చూడకపోతే తప్పు మీద తప్పు పేరుకుంటుంది. తప్పు పోయినవి, అనుమానంలో పడినవి మాత్రమే నేర్పు. పట్టిక చిన్నగా, శుభ్రంగా ఉంటుంది.

మొదలుపెట్టేటప్పుడు కొన్ని వందల మంచి మెయిళ్లు, కొన్ని వందల చెత్త మెయిళ్లు కావాలి. చెత్త నీ దగ్గర పుష్కలంగా ఉంది. మంచి వైపు ఎంపికలోనే శ్రద్ధ పెట్టు. గైడ్ ఉత్తరాలే కాదు, రైల్వే టికెట్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, నిజమైన జర్నళ్ల నుంచి వచ్చిన రివ్యూలు, తిరస్కరణలు, ఇంటి నుంచి వచ్చిన తెలుగు మెయిళ్లు, యూనివర్సిటీ సర్క్యులర్లు అన్నీ కలుపు. తెలుగు మంచి మెయిళ్లు చూపించకపోతే, తెలుగులో వచ్చే లోన్ ప్రకటనలు మాత్రమే చూసి అది తెలుగంటేనే చెత్త అనుకుంటుంది. నేర్పడానికి ముందే ఒక యాభై మంచివి, యాభై చెత్తవి తీసి వేరే పెట్టు, వాటిని ఎప్పుడూ నేర్పకు. సెట్టింగ్ మార్చిన ప్రతిసారీ ఆ వంద మీద నడిపి ఎన్ని తప్పాయో లెక్క చూడు. యాభై మంచివాటిలో ఒక్కటి చెత్తలో పడినా ఆ మార్పు వెనక్కి తీసుకో. చెత్త పది ఇన్‌బాక్స్‌లో పడినా పర్వాలేదు, పది సెకన్ల పని.

బోగోఫిల్టర్‌కు ముందు ఒక గేటు పెట్టు: గైడ్, యూనివర్సిటీ ఆఫీసు, ఇంటివాళ్లు, బ్యాంకు. ఈ చిరునామాల నుంచి వచ్చేవి వడపోతకు పోనే కూడదు. కానీ ఫ్రమ్ లైనులో ఎవరైనా ఏ పేరైనా రాయగలరు. అందుకని ఆథెంటికేషన్ రిజల్ట్స్ అనే హెడర్‌లో డీకిమ్ (పంపిన డొమైన్ వేసే డిజిటల్ సంతకం) పాస్ అని, అదీ ఆ డొమైన్ పేరు మీదే ఉందేమో కలిపి చూడు. ఆ హెడర్‌ను కూడా పంపినవాడే రాసిపెట్టగలడు కాబట్టి నీ సర్వర్ పేరుతో మొదలయ్యే దాన్నే నమ్ము. డీకిమ్ పాస్ అయింది కాబట్టి మంచి మెయిల్ అనుకోవద్దు. రోజుకు 5,000కు పైగా జీమెయిల్‌కు పంపేవాళ్లు ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే పంపినవాడి గుర్తింపు పద్ధతులు పెట్టుకోవాలని గూగుల్ 2024 ఫిబ్రవరి నుంచి నియమం పెట్టింది. దొంగ జర్నళ్ల వాళ్లకూ అవి పెట్టుకోవడం వచ్చు. డీకిమ్ ఈ ఉత్తరం ఫలానా డొమైన్‌దే అని చెబుతుంది, ఆ డొమైన్ వాళ్లు మంచివాళ్లని చెప్పదు.

జీమెయిల్‌కు ఇదంతా వద్దు. దాని వడపోత బాగానే ఉంటుంది, కానీ దాని స్పామ్ ఫోల్డర్ 30 రోజులకు తానే ఖాళీ అవుతుంది. అంటే అది కూడా డెవ్ నలే, 30 రోజుల గడువు ఉన్నదంతే. వారానికోసారి అందులోని మెయిళ్ల పంపినవాడి పేరు, సబ్జెక్టు మాత్రం తీసి నీకు ఒక జాబితాగా పంపే స్క్రిప్టు రాయి. నీ కాలేజీ పెట్టెలోని చెత్త ఫోల్డర్‌కూ అదే జాబితా. నేను ఆదివారం చాయ్ తాగుతూ ఆ జాబితా మీద ఒకసారి కన్ను వేస్తాను, రెండు నిమిషాలు పట్టదు. రెండు మూడు నెలలకు ఒక మంచి కాయ దొరుకుతుంది. జీమెయిల్‌కు ఇలా స్క్రిప్టు నుంచి పోవాలంటే టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి. మామూలు పాస్‌వర్డ్‌తో కుదరదు.

చెప్పిన వేళకు స్క్రిప్టులను నడిపే క్రాన్ దగ్గర అందరూ తగిలించుకునే దెబ్బలు రెండు. క్రాన్‌లో పాత్ (ప్రోగ్రాంల కోసం వెతికే డైరెక్టరీల జాబితా) చాలా చిన్నది, టెర్మినల్‌లో నడిచిన స్క్రిప్టు అక్కడ ప్రోగ్రాం దొరకలేదంటుంది. ప్రోగ్రాంల పూర్తి దారి రాయి. రెండోది, ఇంటర్నెట్ నెమ్మదిగా ఉన్న రోజున ఒక పరుగు ముగియకముందే ఇంకోటి మొదలై రెండూ ఒకే మెయిల్‌ను జరపబోతాయి. ఎఫ్‌లాక్ అనే తాళం ప్రోగ్రాంతో, చిన్న ఎన్ ఆప్షన్ ఇచ్చి మొదలుపెడితే ముందుది నడుస్తుండగా రెండోది మెల్లగా తప్పుకుంటుంది. కరెంటు పోయి డెస్క్‌టాప్ ఆగిపోతే ఏమవుతుంది అని నీకు అనుమానం రావచ్చు. ఏమీ కాదు, మెయిళ్లు ఇన్‌బాక్స్‌లో వడపోయకుండా ఉంటాయి, కరెంటు వచ్చాక వడపోత అందుకుంటుంది.

ఇప్పుడు సెట్టింగుల ఫైళ్లు. వాటి పేర్లు చాలావరకు డాట్‌తో మొదలవుతాయి. డాట్‌తో మొదలయ్యే ఫైళ్లు కనపడకుండా ఉండటం అనేది ఎవరూ కూర్చుని ఆలోచించి పెట్టింది కాదట. డాట్, డాట్ డాట్ అనే రెండు ఎంట్రీలను (ఈ డైరెక్టరీ, దాని పై డైరెక్టరీ) దాచడానికి, ఫైళ్ల జాబితా చూపే ఎల్ఎస్ ప్రోగ్రాంలో రాసిన అడ్డదారి వల్ల డాట్‌తో మొదలయ్యేవన్నీ దాగిపోయాయని యూనిక్స్ బృందంలో పనిచేసిన రాబ్ పైక్ రాశాడు. కనపడవు కాబట్టే మనం వాటిని మరిచిపోతాం, రెండు యంత్రాల్లో రెండు రకాలుగా పెరుగుతాయి.

హోమ్‌లో ఒక మామూలు డైరెక్టరీ చెయ్, డాట్ లేకుండా. అందులో ప్రోగ్రాంకు ఒక సబ్ డైరెక్టరీ: ఐమ్యాప్‌ఫిల్టర్, బోగోఫిల్టర్, మట్ (మెయిల్ చదివేది), షెల్. ఆ మొత్తాన్ని, ఫైళ్ల ప్రతి మార్పునూ దాచిపెట్టే గిట్‌లో పెట్టు. ఫైళ్లను వాటి అసలు చోట్లకు లింకులుగా వేయడానికి గ్నూ స్టో వాడు. ఒక్కో డైరెక్టరీ పేరు చెబితే దానిలోని ఫైళ్లకు హోమ్‌లో సింబాలిక్ లింకులు వేస్తుంది. అక్కడ అప్పటికే అసలు ఫైలు ఉంటే దాని మీద రాయదు, గొడవ ఉందని చెప్పి ఆగుతుంది. ఇందుకే స్టో అంటే నాకు నమ్మకం. ఇంకా పెద్ద పనిముట్లున్నాయి, టెంప్లేట్లు రాసేవి, సీక్రెట్లు దాచేవి. రెండు యంత్రాలకు అంత అవసరం లేదు. రెండింటికీ తేడా ఉండాల్సింది ఏదైనా ఉంటే, ఉమ్మడి ఫైలు చివర "ఈ యంత్రానికి సొంత ఫైలు ఉంటే అదీ చదువు" అని ఒక లైను పెట్టి, ఆ సొంత ఫైలును గిట్‌కు బయట ఉంచు. నీ విషయంలో ముఖ్యమైన తేడా ఒకటే. వడపోత క్రాన్ లైను ల్యాబ్ డెస్క్‌టాప్‌లో ఉండాలి, లాప్‌టాప్‌లో ఉండకూడదు.

మార్పు చేసిన ప్రతిసారీ కమిట్‌లో (గిట్ దాచే ఒక్కో మార్పు నమోదులో) ఎందుకు చేశావో తెలుగులోనే ఒక వాక్యం రాయి. "వీసా రెసిపీ తీసేశాను, ఫలానా మెయిల్ పోయింది" అని నా దగ్గర ఇప్పటికీ ఉంది. పాత ఫైల్లోని ఒక వింత లైను కనపడి తీసేద్దామనుకున్నప్పుడు అలాంటి వాక్యమే చెయ్యి పట్టుకుని ఆపుతుంది.

బోగోఫిల్టర్ నేర్చుకున్న పట్టిక మాత్రం గిట్‌లో పెట్టకు. అది సెట్టింగు కాదు, నీ ఉత్తరాల సారం. అందులో నువ్వు అందుకున్న ఉత్తరాల్లోని మాటలన్నీ ఉంటాయి, ఆసుపత్రి పేర్లు, మనుషుల పేర్లు, అప్పుల మాటలు సహా. ఎవరైనా దాన్ని చదివితే నీ జీవితం చాలావరకు తెలుస్తుంది. బోగోయుటిల్ అనే తోడు ప్రోగ్రాం దాన్ని మామూలు టెక్స్టుగా దింపుతుంది, మళ్లీ ఎక్కిస్తుంది. వారానికోసారి అలా దింపి, తాళం వేసి, వేరే డిస్క్‌లో దాచు. డెస్క్‌టాప్ పాడైన రోజున కొత్తదాంట్లో ప్యాకేజీలు వేసి, గిట్ తెచ్చి, స్టో నడిపి, పట్టిక ఎక్కిస్తే గంటలో పాత స్థితికి వస్తావు.

పాస్‌వర్డ్ గురించి నిజాయితీగా చెప్పాలి. పాస్ అనే ప్రోగ్రాంతో జీపీజీ తాళం వేసి పెట్టుకోమని అందరూ చెబుతారు, లాప్‌టాప్‌లో అదే చెయ్. కానీ ల్యాబ్ డెస్క్‌టాప్‌లో రాత్రి ఒంటిగంటకు నడిచే స్క్రిప్టుకు తాళం తీసేవాళ్లెవరు? నువ్వు అక్కడ లేవు. కాబట్టి అక్కడ పాస్‌వర్డ్ ఒక ఫైల్లో ఉండక తప్పదు. ఆ ఫైలు గిట్ డైరెక్టరీకి బయట, 600 అనుమతులతో (నువ్వు తప్ప మామూలు యూజర్లెవరూ చదవలేకుండా) ఉండాలి. జీమెయిల్‌ది యాప్ పాస్‌వర్డే పెట్టు, అనుమానం వస్తే అదొక్కటే రద్దు చేయవచ్చు. ల్యాబ్‌లో రూట్ (యంత్రం మీద పూర్తి అధికారం ఉన్న ఖాతా) పాస్‌వర్డ్ తెలిసిన వాళ్లు ఇంకా ఉంటే ఆ ఫైలు వాళ్లకు తెరిచినట్టే. అలా అయితే ల్యాబ్ యంత్రం వద్దు, రూమ్‌లో పాత లాప్‌టాప్ ఏదైనా ఉంటే దాన్ని ఈ పనికి కూర్చోబెట్టు. ఇంకోటి, నీ 140 లైన్ల ఫైలుతో పాటు ఫెచ్‌మెయిల్ ఫైలును కూడా ఇదివరకే ఎక్కడైనా గిట్‌లో ఎక్కించి ఉంటే, ఇప్పుడు తుడిచినా పాత కమిట్‌లో పాస్‌వర్డ్ అలాగే ఉంటుంది. ఆ పాస్‌వర్డ్ ఈ రోజే మార్చెయ్.

చేసే వరుస చెబుతాను. ఈ రాత్రి డెవ్ నల్ లైన్లు తీసి, ఫెచ్‌మెయిల్‌కు కీప్ పెట్టు. రేపు గిట్ మొదలుపెట్టి ఉన్న ఫైళ్లను ఉన్నట్టే ఎక్కించు, పాస్‌వర్డ్ ఉన్న ఫైలు తప్ప. మంచి మెయిళ్లు ఏరడానికి ఒక ఆదివారం పెట్టుకో. ఐమ్యాప్‌ఫిల్టర్‌ను మొదటి వారం ఏదీ జరపకుండా, ఏ మెయిల్‌కు ఏ కోడ్ వచ్చిందో ఒక లాగ్‌లో రాసేలా మాత్రమే నడుపు. ఆ లాగ్ చూసి నమ్మకం కుదిరాక జరపడం మొదలుపెట్టు, అదే రోజు ఫెచ్‌మెయిల్, ప్రాక్‌మెయిల్ రెండు యంత్రాల్లోనూ ఆపెయ్.

రెండు వారాలు నడిచాక రోజుకు అనుమానం ఫోల్డర్‌లో ఎన్ని పడుతున్నాయో, అందులో దొంగ జర్నళ్లవి ఎన్నో రాయి. 0.99 అలాగే ఉంచాలా, కొంచెం కిందికి దించాలా అన్నది ఆ లెక్క చూసి చెబుతాను. ఫెలోషిప్ ఆఫీసుకు మాత్రం రేపే స్వయంగా వెళ్లి, మెయిల్ అందలేదని కాగితం మీద రాసి ఇచ్చి రా.